రెండో చక్రం

పోయిన వారం మన జయరాముణ్ణి కళ్యాణదుర్గం పొలిమేరలో, రోడ్డుకు అడ్డంగా గీసిన సున్నపు గీత దగ్గర, ఒక కాలు నేల మీదా ఇంకో కాలు పెడలు మీదా పెట్టించి వదిలేశాం. పాపం, అప్పటి నుంచీ అట్లాగే నిలబడి ఉన్నాడు. పక్కనే వాడి స్నేహితుడు బదరీనారాయణ. ధర్మవరంలో పట్టునూలు అంగడి శ్రీరంగప్పగారి కొడుకు. ఒకడిది నూలు అమ్మే ఇల్లు, ఇంకొకడిది ఆ నూలు నేసే ఇల్లు. బడి రోజుల్లో ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలు ఉండేది, ఇప్పుడు చెరొకటి అయింది. స్నేహం మాత్రం ఒకటిగానే ఉంది, కనీసం ఈ పొద్దు తెల్లవారే దాకా.

పందెం నడిపే బాలప్ప సారు నోట్లో ఈల పెట్టుకుని గడియారం చూస్తున్నాడు. జయరాముడి చెవుల్లో మాత్రం వాళ్ళ నాయన గంగాధరప్ప మాటే మోగుతోంది. "ఒక్కసారి పో. జిల్లా జట్టులో నీ పేరు వచ్చెనా, నీ దారి నీది. రాలేదా, మళ్ళా సైకిలు ముట్టగూడదు. మగ్గం గుంటలో దిగి నా పక్కన తొక్కల్ల." వీధి వీధంతా వింటుండగా జయరాముడు సరేనన్నాడు. నేతగాళ్ళ వీధిలో అందరి ముందూ ఇచ్చిన మాట అంటే వేసిన ముడి కిందే లెక్క. విప్పుకోవడం ఉండదు.

ఆయుధపూజ నాటి సంగతి మీరు మరిచిపోయి ఉండరు. మగ్గానికీ, నాడెలకూ, రాట్నానికీ, ఆఖరికి మూలనపడ్డ పాత కత్తెరకు కూడా నూనె పూసి బొట్టు పెట్టిన గంగాధరప్ప, కొడుకు తెచ్చి వరసలో నిలబెట్టిన సైకిలు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కూడు పెట్టే వస్తువుకే బొట్టు" అని ఒక్క మాట అన్నాడు. ఆ మాట జయరాముడి గుండెలో ముల్లులా దిగబడి ఉంది.

అది చాలదన్నట్టు, ఈ తెల్లవారుజామున ధర్మవరం బస్టాండులో వాడు చూడకూడనిది చూశాడు. సాగనంపడానికి వచ్చిన నాయన, బదరిని టీ అంగడి వెనక్కి తీసుకుపోయి ఏదో చెబుతున్నాడు. బదరి ఆయన చేతిలో చెయ్యి వేశాడు. ఒట్టు వేసేవాడు వేసినట్టు వేశాడు. జయరాముడు దగ్గరికి రాగానే ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకున్నారు. తర్వాత రెండు సైకిళ్ళనూ బస్సు టాపు మీదికి ఎక్కించి కట్టిందీ, కళ్యాణదుర్గంలో దింపిందీ బదరే. జయరాముణ్ణి చెయ్యి కూడా వెయ్యనియ్యలేదు. "నువ్వు కాళ్ళు దాచిపెట్టుకోరా" అన్నాడు.

ఈల మోగింది.

ఈ పందెం సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. ఇది గుంపుగా దౌడు తీసేది కాదు. జంటకూ జంటకూ మధ్య ఐదు నిమిషాలు ఎడం పెట్టి వదులుతారు. కంబదూరు దాకా పోయి, అక్కడ రోడ్డు మధ్యలో నిలబెట్టిన తారు డ్రమ్మును చుట్టుకుని వెనక్కి రావాలి. పోటీ గడియారంతోనే. జంటలో ఒకడు ముందుండి గాలికి ఎదురొడ్డుతాడు, ఇంకొకడు వాడి వీపు చాటున ఊపిరి తీసుకుంటాడు, తర్వాత చోటు మార్చుకుంటారు. అంతా బాగానే ఉంది గానీ అసలు మెలిక చివర్లో ఉంది. గడియారం ఆపేది రెండో చక్రం గీత దాటినప్పుడే. ఒకడు గుర్రమై ఇంకొకడు గాడిదైతే, లెక్కలోకి వచ్చేది గాడిదే.

"మీ ముందర పోయింది కళ్యాణదుర్గం జంట. పోయినేడు గెలిచింది వాళ్ళే. మీరు గీత కాడికి వచ్చేతప్పుడు వాళ్ళ నీలం బనీన్లు మీ కండ్లకు కనపడితే చాలు, మీరు గెలిచినట్టే" అని బాలప్ప సారు ముందే చెప్పి ఉంచాడు. అంటే ఆ పొద్దు జయరాముడి బతుకు రెండు నీలం బనీన్ల వెనకాల పరిగెత్తుతోందన్నమాట.

మడ్గార్డులు పీకేసి, హ్యాండిళ్ళు కిందికి తిప్పిన పాత సైకిళ్ళు అవి. కానీ ఇద్దరి కాళ్ళూ ఒక్కటిగా పడ్డాయి. ముందున్నవాడు అలిసినప్పుడు మోచెయ్యి విదిలిస్తే చాలు, వెనకున్నవాడు ముందుకు వచ్చేవాడు. మాట అక్కర్లేదు. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రటి చేలు. వాన మొహం చాటేసిన ఏడాది కాబట్టి వేరుశనగ చెట్టు జానెడు కూడా ఎదగలేదు. కాయ పట్టని తీగను ఎనుములకైనా మేతగా వేద్దామని ఒకరిద్దరు పీకి కుప్పలు పెడుతున్నారు. వాళ్ళు తలెత్తి చూశారు. ఇంత ఎండలో తరిమేవాడు లేకుండా ఎందుకు పారిపోతున్నారో వాళ్ళకు అర్థం కాలేదు.

కంబదూరు దగ్గరపడే వేళకు, దూరాన మిట్ట మీద రెండు నీలం చుక్కలు కనిపించాయి. జయరాముడి ఒళ్ళు పులకరించింది.

"రేయ్, కనపడతాండారు!"

"చూసినా. ఊపిరి దాచిపెట్టుకో" అన్నాడు వెనక నుంచి బదరి.

డ్రమ్ము వచ్చింది. ముందున్న జయరాముడు బ్రేకు పట్టాడు. పట్టాడే గానీ, సైకిలు పట్టనట్టే పోయింది. రెండో బ్రేకు కూడా నొక్కాడు. అదీ అంతే. రబ్బర్లు రిమ్ము మీద సర్రున జారిపోయాయి. కాలు నేలకు ఈడ్చి, బూటు అడుగు చిరిగిపోతుండగా, డ్రమ్మును ఒరుసుకుని ఎట్లాగో తిరిగాడు. తిరిగాక వంగి, తిరుగుతున్న రిమ్ముకు వేలి కొస ఆనించి చూసుకున్నాడు.

నూనె. జిడ్డు జిడ్డుగా, చిక్కగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన కొడుతూ నూనె.

సైకిలు తొక్కేవాడెవడూ రిమ్ముకు నూనె పూయడు. చైనుకు పూస్తాడు, ఇరుసుకు పూస్తాడు. రిమ్ముకు పూశాడంటే బ్రేకు చంపడానికే పూయాలి. మరి ఎవడు పూసినట్టు? నిన్న సాయంత్రం నుంచి సైకిలు ఇంటి వసారాలో తాళం వేసి ఉంది. పొద్దున తాను నడిపించుకుంటూ బస్టాండుకు తెచ్చాక దాని మీద చెయ్యి వేసింది ఒక్క బదరే.

"ఏమైందిరా?" వెనక నుంచి బదరి.

"ఏంల్యా" అన్నాడు జయరాముడు.

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఊరికే అనలేదు. ఒకసారి లోపలికి వచ్చిందంటే ఇంట్లో ఉన్న మంచి వస్తువులన్నీ దానికి చెడ్డగానే కనపడతాయి. టీ అంగడి వెనక చేతిలో చెయ్యి ఎందుకు వేశాడు? నాయనకు కావలసింది కొడుకు మగ్గం గుంటలో దిగడం. బదరి వాళ్ళ అంగడికి కావలసింది నేసే చేతులు. ఇద్దరికీ ఒకటే కావాలి. ఇక 'నువ్వు కాళ్ళు దాచిపెట్టుకోరా' అన్న మాట! ఎంత తియ్యగా అన్నాడు!

దానికి తగ్గట్టు, తిరుగుదారిలో బదరి వెనకబడసాగాడు. ఎదురుగాలి మొదలైంది. జయరాముడు మోచెయ్యి విదిలించాడు. రెండోసారి విదిలించాడు. బదరి ముందుకు రాలేదు. చక్రానికి చక్రం ఆనుకుని ఉండాల్సినవాడు బండి పొడుగు దూరం వెనకాల రొప్పుతున్నాడు. నిజానికి వాడు పోయేటప్పుడే ఎక్కువసేపు గాలికి ముందుండి నిస్త్రాణ అయిపోయాడు. ఆ సంగతి జయరాముడికి తెలుసు. తెలిసినా తలకెక్కలేదు. వాడు మెల్లగా తొక్కితే చాలు గదా, అనుకున్నాడు. తన్నులాటా వద్దు, తగువూ వద్దు. రెండో చక్రం కాస్త ఆలస్యంగా వస్తే చాలు, నా బతుకు గుంటలో పడుతుంది.

"మా నాయనకు ఏం మాటిచ్చినావు రా పొద్దున?" తల తిప్పకుండానే అరిచాడు.

వెనక నుంచి రొప్పు మాత్రమే వినపడింది.

"నిన్నే అడిగేది!"

"గీత దాటినాక చెప్తా. తొక్కు" అన్నాడు బదరి.

ఆ మాటతో ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. జయరాముడు కసిగా తొక్కాడు. మిట్ట ఎక్కాడు. మిట్ట దిగే చోట రోడ్డు వాలుగా, పొడుగ్గా, రెండు పక్కలా గట్టుతో బావిలోకి దిగినట్టు దిగుతుంది. సైకిలు దానంతట అదే వేగం అందుకుంది. అప్పుడు చూశాడు కింద.

పోయేటప్పుడు ఖాళీగా ఉన్న రోడ్డు నిండా ఇప్పుడు కొర్ర పరిచి ఉంది.

మా సీమలో కల్లం లేనివాళ్ళకు తారు రోడ్డే కల్లం. కోసిన కొర్ర వెన్నుల్ని రోడ్డు మీద పరిస్తే, పోయే బస్సూ వచ్చే లారీ తొక్కి గింజ రాలుస్తాయి. గవర్నమెంటు రోడ్డేసిందే అందుకని అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. పందెం సంగతి దండోరా వేశారు గానీ, అది దండోరా విననివాళ్ళకు తెలియదు. కొర్ర మధ్యలో తిప్పమ్మ అనే ముసలావిడ గొంతుకూర్చుని, కట్టెతో వెన్నులు తిరగేస్తోంది. ఆ కరువు ఏడాది ఆమెకు చేతికొచ్చిన పంటంతా ఆ రోడ్డు మీదే ఉంది. నీలం బనీన్లవాళ్ళు పక్కనుంచి మెల్లగా దాటి వెళ్ళినట్టున్నారు. వాళ్ళకు బ్రేకులున్నాయి.

జయరాముడు రెండు బ్రేకులూ పిడికిళ్ళు బిగించి పట్టాడు. సైకిలు ఇంకా వేగంగా పోయింది.

"అవ్వా! లెయ్! పక్కకు పో!"

తిప్పమ్మ తలెత్తింది. లేవడానికి చెయ్యి నేలకు ఆనించింది గానీ లేవలేకపోయింది. ఆ క్షణంలో జయరాముడికి పందెం లేదు, నాయన లేడు, బదరి లేడు. ముసలామె తెల్లటి తల ఒక్కటే ఉంది. హ్యాండిలు ఎడమకు విరిచేశాడు. గట్టు మీంచి సైకిలు ఎగిరింది. చేనులో పెట్టిన వేరుశనగ తీగ కుప్పలోకి తలకిందులుగా పోయి పడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి నోటి నిండా మట్టి. మోచిప్పలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ఎముకలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. చైను ఊడిపోయిన సైకిలు పక్కన పడి, చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

రోడ్డు మీద బదరి నింపాదిగా బ్రేకు పట్టి, కొర్రకు ఇవతలే ఆగి, దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడి బ్రేకులు చక్కగా పడ్డాయి. జయరాముడు చూసింది అదొక్కటే.

"తగిలినాదారా? యాడ, చూపీ..." అని వంగిన బదరి గల్లా పట్టుకుని కిందికి లాగాడు.

"చంపేకి చూస్తివి గదరా! నీ రిమ్ములకు లేని నూనె నా రిమ్ములకు యాడ నుంచి వచ్చె? చెప్పు!"

బదరి చూపు పక్కన పడి ఉన్న సైకిలు మీదికి పోయింది.

"చెప్పేకి నోరు రాదు. మా నాయన చేతిలో చెయ్యేసినావు. వాణ్ణి గెలవనియ్యను అని ఒట్టు పెట్టినావు. నేను పోతే మీ అంగడికి నేసేవాడొకడు తగ్గుతాడు గదా! మీకు మనుషులు కాదురా కావల్సింది, చేతులు. ఇన్నేండ్లూ స్నేహితుడు అనుకుంటి. షావుకారి కొడుకు షావుకారే!"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. బదరి మొహం పాలిపోయింది. గల్లా విడిపించుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

అప్పటికి తిప్పమ్మ లేచి నిలబడింది. కట్టె ఊపుతూ కేకేసింది. "ఏమప్పా, నా కొర్రల మీద పడకుండా పక్కకు పోయినారు, మీ అమ్మలు చల్లగుండ. కొట్టుకునేది కూడా అవతలే కొట్టుకోండి. గింజల్లో రాళ్ళు పడతాయి!"

బదరి జయరాముడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుని లేచాడు. మాట్లాడకుండా సైకిలు దగ్గరికి పోయి, చైను ఎక్కించడానికి దాన్ని తలకిందులుగా నిలబెట్టాడు. సీటూ హ్యాండిలూ నేల మీద, చక్రాలు ఆకాశానికి. ఒక్కసారిగా వాడి చెయ్యి ఆగిపోయింది.

"ఈడికి రా" అన్నాడు.

"ఏమి?"

"నేను చెప్పేది కాదు. నువ్వే చూడు."

జయరాముడు కుంటుకుంటూ వెళ్ళి వంగి చూశాడు. పెడళ్ళ ఇరుసు అడుగున, మామూలుగా నిలబడి ఉంటే ఎవరి కంటికీ కనపడని చోట, పసుపూ కుంకుమా ఉన్నాయి. చూసి దిద్దిన బొట్టు కాదది. ఇనుము ఎక్కడుందో తడుముకుని, మూడు వేళ్ళతో అద్దినట్టు పెద్దగా, వంకరగా ఉంది. కుంకుమ సగం బొట్టులో పడింది, సగం పక్కకు పోయింది. దాని చుట్టూ ఆముదం మెరుస్తోంది.

"నూనె పూసింది మీ నాయనప్పా" అన్నాడు బదరి. "నిన్న పొద్దు గూకేతప్పుడు, నువ్వు నీళ్ళకు పోయినప్పుడు. ఆయుధపూజ నాడు అందరి ముందరా బొట్టు పెట్టను అన్న్యాడు గదా. ఆ పొద్దు నుంచి ఆయప్పకు నిద్ర ల్యా. నాకు నూనె సంగతి తెలీదు, దేవుని మీద ఆన. బొట్టు పెట్టినా, వానికి చెప్పొద్దు అని మాత్రం పొద్దున చెప్పినాడు. మగ్గానికి పూసినట్టు, చేతికి తగిలిన ఇనుమంతా పూసినట్టుండాడు."

జయరాముడు బొట్టు మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. 'కూడు పెట్టే వస్తువుకే బొట్టు' అన్న మనిషి, ఎవరూ చూడకుండా వచ్చి బొట్టు పెట్టాడు. చంపబోయిందనుకున్న నూనె దీవెన. తన చేతుల్ని తానే నరుక్కోవాలనిపించింది వాడికి.

కానీ ఒకటి అర్థం కాలేదు. మడతమంచం నవారులోనైనా ఒక్క పోగు వంకర పోతే ఊరుకోని మనిషి, బొట్టు ఇంత వంకరగా పెడతాడా?

"బొట్టు పెట్టింది చెప్పేకి చేతిలో చెయ్యి యాల?" అన్నాడు మెల్లగా.

బదరి తల దించుకుని చైను ఎక్కిస్తున్నాడు. నల్లటి మడ్డి చేతులకు అంటుకుంటోంది.

"చెప్పరా. కాళ్ళు పట్టుకుంటా."

"ఆయప్పకు కండ్లు కనపడవు జయా."

గాలికి కొర్ర వెన్నులు గలగలమన్నాయి.

"ఉగాది కాడ నుంచీ అంతే. నూలు తెచ్చేకి పోతాండామని చెప్పి, నేనే బళ్ళారికి పిలుచుకపోయినా. లోపల నరం ఎండిపోతాండాది, అద్దాలకు లొంగేది కాదు అన్న్యాడు ఆడి డాక్టరు. వెలుతురు తెలుస్తాది, మనిషి వచ్చినాడని తెలుస్తాది. మొగం తెలీదు. పోగు అసలే తెలీదు. మీ అమ్మకు తెలుసు. నీకు తెలిస్తే సైకిలు అటకెక్కిస్తావని ఆయమ్మ చేత కూడా ఒట్టు పెట్టించినాడు."

జయరాముడు గట్టు మీద కూలబడ్డాడు. కొన్ని నెలలుగా తాను చూస్తూ కూడా చూడనివన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందుకు వచ్చాయి. సైకిలు బయటికి తీసినప్పుడల్లా నాయన "పోగు తెగింది రా, వచ్చి ముడెయ్యి, నీ వేళ్ళు సన్నం" అని పిలవడం. తనను కట్టిపడెయ్యడానికే ఈ వంకలని విసుక్కుంటూ ముడి వేసి పోవడం. అంచు పని అమ్మకు అప్పగించి, నాయన ఊరికే నాడె విసురుతూ కూర్చోవడం. అన్నం కంచం దగ్గర నీళ్ళ చెంబు కోసం చెయ్యి తడుముతుంటే, కోపంతో మొహం చూడక అట్లా చేస్తున్నాడనుకోవడం. కన్నున్న వాళ్ళలో ఇంత గుడ్డివాడు ఉంటాడా, అనుకున్నాడు. ఏడుపు పొంగుకొచ్చింది. చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"ఇంగ తొక్కేదేముండాది" అన్నాడు మోకాళ్ళలో తల పెట్టుకుని. "ఇంటికి పోదాం. నేను పోతే ఆయప్ప పక్కన కూచునేది ఎవరు?"

"నేనూ అదే అడిగినా. 'మగ్గం నిలిస్తే నిలుస్తాది, పోతే పోతాది. నా కండ్లు మింగింది చాలు, వాని కండ్లు కూడా మింగాల్నా?' అన్న్యాడు." బదరి సైకిలు తిప్పి నిలబెట్టాడు. "పొద్దున నా దగ్గర రెండు మాటలు తీసుకున్యాడు. పందెం అయ్యేదాకా కండ్ల సంగతి చెప్పగూడదు, ఇది ఒకటి. వాణ్ణి గీత దాటించల్ల, ఇది రెండు. మొదటిది నీ నోటి దూలకు పోయె. రెండోదన్నా నిలబెట్టుకోనీ. లెయ్."

"నన్ను ఎట్ల క్షమిస్తావు రా? అంత మాట అన్న్యా."

"క్షమించల్యా. గీత దాటినాక తంతా. బిన్న లెయ్!"

జయరాముడు లేచాడు. రెండు గుప్పిళ్ళ ఎర్రమట్టి తీసి రిమ్ముల మీద పోసి, కొర్ర గడ్డితో రుద్దాడు. నాయన పూసిన నూనె మట్టిలో కలిసి ముద్దలు ముద్దలుగా రాలింది. చెయ్యి ఆడలేదు గానీ రుద్దాడు. ఇరుసు కింది బొట్టును మాత్రం ముట్టుకోలేదు.

"పోండప్పా, పోండి" అని తిప్పమ్మ కట్టెతో కొర్రను పక్కకు తోసి, మనిషి పట్టేంత దారి చేసింది. "మీకు దుడ్లు ఎవరిస్తారో గానీ, ఇంత ఏడ్చి తొక్కేది నేను యాడా చూడల్యా!"

ఆ తర్వాత తొక్కిన తొక్కుడు మనిషి తొక్కేది కాదు. నీలం బనీన్లు ఎక్కడా కనపడడం లేదు. మిట్ట ఎక్కితే కనపడతారనుకున్నాడు, కనపడలేదు. ఇంకో మిట్ట ఎక్కాడు, అక్కడా లేరు. మోచిప్ప మీద రక్తం గాలికి ఎండి, తొక్కినప్పుడల్లా చీలుతోంది. కానీ ఇప్పుడు జయరాముడి మనసు తన కాళ్ళ మీద లేదు. వీపు వెనక రొప్పు మీద ఉంది. ఆ రొప్పు దూరమైతే తాను నెమ్మదించాడు, దగ్గరైతే బిగించాడు. మోచెయ్యి ఒక్కసారి కూడా విదిలించలేదు. దారి పొడుగునా ఎదురుగాలి తానే తిన్నాడు. ఇంతకు ముందు వెనకబడ్డాడని తిట్టుకున్న ఆ చక్రాన్నే ఇప్పుడు వీపుకు కట్టుకుని లాగుతున్నాడు.

"నన్ను వదిలేసి పో" అన్నాడు బదరి ఒకసారి, మాట సగమే బయటికొచ్చేలా.

"పోతే ఏం లాభంరా తిక్కోడా? నీ చక్రమే గదా లెక్క!"

బదరి నవ్వబోయి దగ్గాడు.

కళ్యాణదుర్గం మొదటి ఇళ్ళు వచ్చాయి. రోడ్డు తిన్నగా సాగింది. జనం కనపడ్డారు, తోరణం కనపడింది. ఆ తోరణం అవతల, సైకిళ్ళు దిగి నీళ్ళు తాగుతూ రెండు నీలం బనీన్లు! గీత దాటి ఎంతసేపైందో ఎవరికి తెలుసు? ఐదు నిమిషాలైందా? కాలేదా? జయరాముడు పక్కకు జరిగి, బదరిని ముందుకు పొమ్మని గట్టిగా అరిచాడు. వాడు ఉన్నదంతా పెట్టి ముందుకు దూకాడు. బదరి గీత దాటాడు. వాడి వెనక రెండో చక్రమై, తల హ్యాండిలుకు ఆనించి, జయరాముడు దాటాడు.

బాలప్ప సారు బొటనవేలు గడియారం మీద పడింది. ఆయన దాన్ని చూశాడు, ఇంకోసారి చూశాడు, ఏమీ చెప్పకుండా జేబులో వేసుకున్నాడు. ఇద్దరూ సైకిళ్ళను వదిలేసి నేల మీద పడ్డారు. ఎవరో నీళ్ళు పోశారు. అంగవస్త్రంతో మొహం తుడుచుకుంటూ సారు వచ్చి వాళ్ళ పక్కన గొంతుకూర్చున్నాడు.

"అందరూ వచ్చేదాకా బోర్డు మీద రాయను. కానీ మీకు చెప్తాండా, లోపల పెట్టుకోండి. ఇంగ రెండు జంటలే మిగిలినాయి, వాళ్ళతో అయ్యేది కాదు. జిల్లా జట్టుకు మీరే." ఇద్దరూ ఆయన వంక వెర్రిమొహాలు వేసుకుని చూశారు. "సంతోషం మళ్ళా పడుదురు గాని. ఈ రాత్రికే ధర్మవరంలో బండెక్కల్ల. హైదరాబాదులో ఆర్నెల్ల క్యాంపు. జంటగా పిలిచినారు, జంటగానే రావల్ల. ఒకడు రానంటే రెండోవాడు కూడా ల్యా, తర్వాత జంటను పంపిస్తాం. నాకు ఇప్పుడే చెప్పల్ల."

జయరాముడు బదరి వైపు చూశాడు. బదరి కళ్ళు మూసుకుని ఆకాశం వైపు మొహం పెట్టి పడుకున్నాడు. పోదామని వాడు నోరు తెరిచి అడగడు. అది తెలుసు కాబట్టే జయరాముడికి గుండె బరువెక్కింది. తాను పోతే నాయన చీకట్లో ఒంటరి. పోకపోతే ఈ పక్కన పడి ఉన్నవాడు, ఇంత దూరం మాట మోసుకొచ్చినవాడు, తనతోపాటు మునుగుతాడు.

"జయరాముడా!"

తలెత్తి చూశాడు. నాయన!

తర్వాతి బస్సులో వచ్చినట్టున్నారు. అమ్మ అంజనమ్మ పక్క అంగడిలో సోడా కోసం నిలబడింది. గంగాధరప్ప ఒక్కడే, ఉతికిన పంచె, భుజాన తువాలు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గోడకు ఆనించిన నల్లబోర్డు ముందర నిలబడి ఉన్నాడు. మొహం బోర్డు వైపే ఉంది. చదువుతున్న మనిషి నిలబడినట్టే నిలబడ్డాడు. జయరాముడు కుంటుతూ దగ్గరికి పోయాడు. ఆయన ఆ అడుగుల చప్పుడు విని, తల ఇటు తిప్పకుండా, గర్వంగా గడ్డంతో బోర్డును చూపించాడు.

"చూస్తి లేరా. మీ పేర్లే పైన రాసినారు. అక్షరాలు కూడా పెద్దగుండాయి."

బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. సుద్దముక్క ఇంకా దాని చట్రం మీదే, కొత్తగా, విరగకుండా ఉంది.

వెనక నుంచి బాలప్ప సారు అడిగాడు. "ఏమప్పా, ఏం చెప్తావు?"

జయరాముడు నాయన భుజం మీద జారిన తువాలును సరిచేశాడు.

"అవు నాయనా, పెద్దగానే రాసినారు" అన్నాడు.

తర్వాత సారు వైపు తిరిగి, నోరు తెరిచాడు. ఏం చెప్పాడన్నది వచ్చే వారం.